టికెట్టు పాతదే.. తేడా ఎంత?

అక్టోబరు అంటే మనకు దసరా, దీపావళి. అమెరికాలో బడి ఈడు పిల్లలున్న ఇళ్లలో ఆ నెలకు ఇంకో గుర్తు కూడా ఉంది. డిస్నీ టికెట్ల ధరలు పెరిగేది అప్పుడే. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 2022లో అక్టోబరు 11న, 2023లో మళ్లీ అదే తేదీన, 2024లో 9న, 2025లో 8న పెంచారు. రద్దీ ఎక్కువగా ఉండే రోజుల్లో ఒక్కరోజు టికెట్టు 2024లో మొదటిసారి 200 డాలర్లు దాటి 206కు చేరింది. ఏడాది తిరిగేసరికి 224 అయింది. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనూ 2026 క్రిస్మస్ రోజులకు 209 డాలర్లు పెట్టారు. అన్నిటికంటే చవకైన రోజు ధరను మాత్రం డిస్నీల్యాండ్ 2019 నుంచి 104 డాలర్ల దగ్గరే ఉంచింది. ఆ రోజుల్లో మన పిల్లలకు సెలవులు ఉండవనుకోండి, అది వేరే సంగతి.

ధరలు పెరుగుతాయని తెలుసు కాబట్టి మనవాళ్లు ముందే జాగ్రత్తపడతారు. ఆఫీసు బెనిఫిట్స్ పోర్టల్‌లోనో, ట్రిపుల్ఏ సభ్యత్వం మీదో, అధీకృత డిస్కౌంట్ అమ్మకందారుల దగ్గరో ఆగస్టు, సెప్టెంబరుల్లోనే టికెట్లు కొనేస్తారు. కొన్న టికెట్టును ఉన్నదున్నట్టు వాడుకుంటే ఏ గొడవా లేదు. ధర పెరిగినా పాత టికెట్టుతో లోపలికి వెళ్లిపోవచ్చు. దాన్ని కదిలించినప్పుడే చిక్కు. ఒక రోజు కలపాలన్నా, ఒకే రోజు రెండు పార్కులు తిరిగే హాపర్ చేర్చాలన్నా, ఏడాది పాస్‌గా మార్చుకోవాలన్నా కౌంటర్లో ఒక మాట వినిపిస్తుంది: తేడా కట్టండి.

ఏ ధరకూ ఏ ధరకూ మధ్య తేడా? అసలు ప్రశ్న ఇదే. ఇందులోనే వందల డాలర్లు అటూ ఇటూ అవుతాయి.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఇవి ఏ పార్కు ధరలూ కావు. మీరు సెప్టెంబరులో మూడు రోజుల టికెట్టు కొన్నారు. ఆ రోజు గేటు ధర 400 డాలర్లు. మీకు డిస్కౌంట్‌లో 370కి దొరికింది. అక్టోబరులో ధరలు పెరిగాయి. ఇప్పుడు అదే మూడు రోజుల టికెట్టు 420, నాలుగు రోజులది 480. మీరు డిసెంబరులో వెళ్లి ఇంకో రోజు కావాలన్నారు.

కౌంటర్లో ఉన్న మనిషి 480లోంచి మీరు చెల్లించిన 370 తీసేస్తే మీరు 110 కట్టాలి. మొత్తం 480 అవుతుంది. ఆ పొద్దున లేచి గేటు దగ్గర కొత్తగా నాలుగు రోజుల టికెట్టు కొన్నవాడు కట్టేదీ అంతే. మీ డిస్కౌంట్ పోయింది, ముందు కొన్న లాభమూ పోయింది. అలా కాకుండా మీరు కొన్న రోజు గేటు ధర 400 తీసేస్తే 80 కడితే చాలు. మొత్తం 450. డిస్కౌంట్‌లో మిగిలిన 30 మీ దగ్గరే ఉంటుంది. ఇక మూడో రకం, మీ చేతిలో ఉన్న టికెట్టుకు ఇవాళ్టి గేటు ధర 420 ఇచ్చినట్టు లెక్కేస్తే 60 కడతారు. మొత్తం 430. డిస్కౌంట్ మిగిలింది, పెరిగిన 20 కూడా తప్పింది.

టికెట్టు అదే, పార్కు అదే, కలిపింది ఒక్క రోజే. మొదటి లెక్కకూ మూడో లెక్కకూ మనిషికి 50 డాలర్ల తేడా. అమ్మానాన్నలతో కలిపి ఆరుగురున్న ఇంటికి 300 డాలర్లు. రూపాయల్లో చెబితే పాతిక వేల పైమాటే.

డిస్నీకి తరచూ వెళ్లే అమెరికన్లు దీనికి ఒక పేరు పెట్టుకున్నారు.. ప్రైస్ బ్రిడ్జింగ్. తక్కువకు కొన్న టికెట్టును ముందు గేటు ధర దాకా 'వంతెన' దాటించి, అక్కడి నుంచి తేడా లెక్కకట్టడం. అధీకృత అమ్మకందారు దగ్గర కొన్న టికెట్టు విషయంలో ఇది న్యాయంగానే తోస్తుంది. ఆ టికెట్టును అమ్మకందారుకు టోకు ధరకు ఇచ్చింది పార్కు సంస్థే. మీకు తగ్గించి అమ్మింది మధ్యవాడు. అతను తన లాభంలోంచి వదులుకున్న 30 డాలర్లను అప్‌గ్రేడ్ పేరుతో పార్కు మళ్లీ వసూలు చేసుకోవడం ఏం సబబు? పార్కు వైపు నుంచి చూస్తే వాళ్ల జవాబూ ఉంటుంది. షరతుల్లో 'తేడా చెల్లించాలి' అని ఉంటుంది, మీరు చెల్లించింది 370 అయితే 370 నుంచే తేడా అంటారు. ఒక చిన్న వాక్యాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకోవడమే ఇదంతా.

మనకు ఈ గొడవ కొత్తదేమీ కాదు. 2014 జూన్ 25న రైలు ఛార్జీలు 14.2 శాతం పెరిగినప్పుడు, అంతకుముందే రిజర్వేషన్ చేయించుకున్నవాళ్లు కూడా తేడా కట్టాల్సిందేనన్నారు. రైలెక్కాక టీటీఈ వచ్చి వసూలు చేశాడు. 2025 జూలై 1న మళ్లీ పెంచినప్పుడు మాత్రం ముందు కొన్న టికెట్ల జోలికి రాలేదు. ఒకే రైల్వే, పదకొండేళ్ల తేడాలో రెండు జవాబులు. అమెరికా తపాలా శాఖ ఇంకా ఉదారం. 2007లో 41 సెంట్లకు అమ్మిన 'ఫరెవర్' స్టాంపును ఇవాళ అతికించినా మామూలు ఉత్తరం చేరుతుంది. 2025 జూలైలో ఆ స్టాంపు ధర 78 సెంట్లకు చేరింది. పాత స్టాంపుకు పాత విలువ ఉంటుందా, కొత్త విలువ ఉంటుందా అన్న అనుమానమే రానివ్వకుండా పేరులోనే తేల్చేశారు.

థీమ్ పార్కు టికెట్టుకూ ఒకప్పుడు ఇంత స్పష్టత ఉండేది. 1955 జూలైలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు పెద్దవాళ్లకు ప్రవేశం ఒక డాలరు. లోపల ఒక్కో రైడ్‌కు కూపన్ ఇవ్వాలి. కూపన్లకు ఏ, బీ, సీ అని తరగతులు. 1959లో మ్యాటర్‌హార్న్ లాంటి పెద్ద రైడ్ల కోసం 'ఈ' కూపన్ వచ్చింది. అక్కడి నుంచే 'ఈ టికెట్' అనే మాట అమెరికన్ల నోట పడింది. 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన శాలీ రైడ్ కూడా తన ప్రయాణాన్ని దానితోనే పోల్చారు. 1982లో కూపన్లు పోయి, ఒక్క టికెట్టుతో అన్నీ ఎక్కే పద్ధతి స్థిరపడింది. ఫ్లోరిడాలో 2005 దాకా చాలా రోజుల టికెట్టు కొంటే వాడని రోజులకు గడువే ఉండేది కాదు. ఆ తర్వాత పదేళ్లపాటు గడువు లేకుండా ఉండాలంటే అదనంగా డబ్బు కట్టించుకున్నారు. 2015లో అదీ తీసేశారు. 2018 అక్టోబరు 16 నుంచి ఏ తేదీన మొదలుపెడతారో చెప్పి కొనాలి, తేదీని బట్టి ధర. తేదీ మార్చుకోవడం కూడా ఇప్పుడు ఒక రకం అప్‌గ్రేడే. వెళ్లే వారం ఖరీదైనదైతే తేడా పడుతుంది. 2024 చివర్లో డిస్నీల్యాండ్ పారిస్ విమానం టికెట్లలాగా గిరాకీని బట్టి మారే ధరలు కూడా మొదలుపెట్టింది. అది ఇక్కడికీ వస్తే 'కొన్న రోజు గేటు ధర' ఎంతో చెప్పడం ఇంకా కష్టం.

అమ్మ గదిలో ఉంటానంది

ఈ లెక్కలన్నీ నేను ఎక్సెల్ షీట్ పిచ్చితో చేయలేదు. కిందటేడు అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు అవసరమై చేసినవి. ఓర్లాండోలో ఒక పెద్ద పార్కుకు ఆరుగురికి మూడు రోజుల టికెట్లు, ఆఫీసు పోర్టల్‌లో ధరలు పెరగకముందే కొన్నాను. డిసెంబరులో వెళ్లాం. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు మధ్యాహ్నానికి అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. వీల్‌చెయిర్ అద్దెకు తీసుకున్నాం కానీ సగం రోజు కూర్చోవడంతోనే సరిపోయింది. ఇంకో రోజు కలిపితే తీరిగ్గా చూపించవచ్చని నేనూ మా ఆవిడా అనుకున్నాం.

"ఎంతైతది?" అని అడిగింది అమ్మ. నేను ఇంకా జవాబు వెతుక్కుంటుండగానే, "నాకెందుకు రా, నేను గదిల ఉంట. మీరు పొయి రాండ్రి" అంది.

విదేశానికి తల్లిదండ్రులను రప్పించుకున్న ప్రతి ఇంట్లో ఈ మాట వినపడుతుంది. డాలరు మాట చెవిన పడగానే వాళ్లు దాన్ని రూపాయల్లోకి మార్చుకుంటారు. మార్చుకున్నాక మొదట వదులుకునేది వాళ్ల వంతునే. కాఫీ దగ్గర అంతే, మందుల దగ్గరా అంతే. అందుకే తేడా మనిషికి 60 డాలర్లా, 110 డాలర్లా అన్నది నాకు ఆ రోజు డబ్బు లెక్క ఒక్కటే కాదు. 110 అని చెబితే అమ్మ హోటల్ గదిలో టీవీ చూస్తూ ఉండిపోతుంది. 

నాన్న సిటీ బస్సుల్లో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. కౌంటర్ లైన్లో నా పక్కన నిల్చుని సంగతంతా విన్నారు. "ఇండ్ల ఏమున్నది? ఆర్డినరీ పాస్ చూపెట్టి మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాంబి టికెట్ కొడుతుంటిమి. వాడు పాస్ ఎట్ల కొన్నడు, స్టూడెంట్ పాసా, పైసలు ఎవరిచ్చిన్రు అని అడుగుతమా? చేతుల పాస్ ఉన్నది, పైది ఇయ్యి, అంతే" అన్నారు. ప్రైస్ బ్రిడ్జింగ్ మీద నేను చదివిన వ్యాసాలన్నిటి కంటే ఇది నాకు తేటగా అనిపించింది.

కౌంటర్లో ఉన్న కుర్రాడు ముందు మేము చెల్లించిన ధర నుంచే తేడా లెక్కేశాడు. నేను వాదన పెట్టుకోలేదు. ఒకే ప్రశ్న అడిగాను: "ఈ టికెట్టుకు మీ సిస్టమ్‌లో ఎంత విలువ కనిపిస్తోంది?" అతను స్క్రీన్ వైపు చూసి, పక్కనున్న సీనియర్‌ను పిలిచాడు. ఆవిడ టికెట్ నంబర్ కొట్టి, కొన్న తేదీ చూసి, ఆ రోజు గేటు ధర నుంచి లెక్క మళ్లీ వేసింది. మా ఆరుగురికీ కలిపి మొదట చెప్పినదానికంటే దాదాపు 190 డాలర్లు తగ్గింది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. ఆ సేపూ నాన్న రసీదును అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నారు. అమ్మ నాలుగో రోజు వచ్చింది. పిల్లలతో పడవ రైడ్ రెండుసార్లు ఎక్కింది. 

ఒకే కౌంటర్లో ఇద్దరు మనుషులు రెండు లెక్కలు చెప్పడం నాకు వింతగా అనిపించలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ఒక ఫీల్డ్‌కు సరైన పేరు పెట్టకపోతే ఏమవుతుందో రోజూ చూస్తుంటాం. 'ధర' అని ఒక్క గడి పెట్టి, అందులో చెల్లించినది ఉండాలా, అచ్చు ధర ఉండాలా, ఇవాళ్టి ధర ఉండాలా అని రాయకపోతే వాడేవాడు తనకు తోచింది వేస్తాడు. ఆ కుర్రాడి తప్పు అందులో ఏముంది?

కొనేముందు చూసుకోవాల్సింది

పన్ను దగ్గర మనవాళ్లు ఎక్కువగా తడబడటం చూశాను. డిస్నీ వరల్డ్ ఉన్న ఆరెంజ్ కౌంటీలో అమ్మకపు పన్ను 6.5 శాతం. పార్కు సైట్‌లో పైకి కనిపించే ధరలో అది ఉండదు. డిస్కౌంట్ అమ్మకందారులు చాలామంది పన్ను కలిపిన ధరే చూపిస్తారు. పార్కు సైట్‌లో 400, అమ్మకందారు దగ్గరా 400 కనిపిస్తే తేడా లేదనుకుంటాం. పార్కు దగ్గర చివరికి 426 అవుతుంది. అప్‌గ్రేడ్ సమయంలోనూ అంతే. పన్ను కలిపినదాన్ని పన్ను కలిపినదానితోనే పోల్చాలి. కాలిఫోర్నియాలో ప్రవేశ టికెట్టు మీద ఈ పన్ను లేదు కాబట్టి అక్కడ ఈ తికమక రాదు.

రెండోది, ఏ టికెట్టు కొంటున్నారన్నది. డిస్కౌంట్లన్నీ ఒక రకం కావు. మామూలు టికెట్టునే తక్కువకు అమ్మితే దానికి గేటు ధర అంటూ ఒకటి ఉంటుంది, వంతెన దాటించడానికి అవతలి గట్టు ఉన్నట్టు. ప్రత్యేక ఆఫర్ పేరుతో వేరే రకం టికెట్టు తయారుచేసి అమ్మితే గట్టే ఉండదు. డిస్నీ వరల్డ్ వేసవుల్లో అమ్మిన నాలుగు పార్కుల టికెట్టు అలాంటిది. నాలుగు పార్కులకూ ఒక్కొక్క రోజు చొప్పున మాత్రమే, నచ్చిన పార్కుకు రెండోసారి వెళ్లడానికి లేదు. చవక మాట నిజమే. ప్రయాణం మారదన్న నమ్మకం ఉన్నవాళ్లకు బాగుంటుంది. ఆ రాష్ట్రవాసులకు ఇచ్చే టికెట్లకూ వాటి షరతులు వాటికే ఉంటాయి. ఇలాంటివి కొనేముందు 'దీన్ని తర్వాత మార్చుకోవచ్చా, మార్చితే ఏ విలువ ఇస్తారు' అని పార్కు వాళ్లకు ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోవడం మేలు. ఫోన్లో చెప్పిన మాట కౌంటర్ దాకా రాదు.

కిస్సిమీలో యూఎస్ 192 రోడ్డు పక్కన 'డిస్కౌంట్ టికెట్లు' అని బోర్డులు పెట్టుకున్న దుకాణాల సంగతి విడిగా చెప్పాలి. వాటిలో చాలా వరకు టైమ్‌షేర్ అమ్మేవాళ్ల కోసం మనుషుల్ని పోగుచేసేవే. గంటన్నర కూర్చుని వాళ్ల మాటలు వింటే టికెట్టు చవగ్గా ఇస్తామంటారు. ఆ గంటన్నర మూడు గంటలైనవాళ్లు నాకు తెలుసు. పిల్లలు అప్పటికే పార్కులో ఉండాల్సిన సమయం అది. ఇంకా కొందరు సగం వాడిన టికెట్లను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడతారు. ఫ్లోరిడా చట్టం ప్రకారం అలా అమ్మడం నేరం. గేటు దగ్గర వేలిముద్ర సరిపోలకపోతే డబ్బు పోయినట్టే.

రోజులు ఎన్ని కొనాలి? ఎక్కువ రోజులు కొంటే రోజుకు పడే ధర తగ్గుతుంది కాబట్టి మనవాళ్లు నాలుగు, ఐదు రోజులకు వెళ్లిపోతారు. పిల్లలతో మనమే వెళ్తున్నామంటే అది సరే. డెబ్బై ఏళ్లవాళ్లు వస్తున్నప్పుడు నేను తక్కువ రోజులకే ఓటు వేస్తాను. అవసరమైతే అక్కడికి వెళ్లాక కలుపుకోవచ్చు, కొన్నదాన్ని తగ్గించుకోవడానికి మాత్రం వీలుండదు. అందరికీ ఒకే టికెట్టు ఉండాలన్న నియమం కూడా లేదు. నాలుగో రోజు పిల్లలకూ మీకూ మాత్రమే కలపవచ్చు. ఏడాది పాస్ కావాల్సింది ఇంట్లో ఒక్కరికే అయితే ఆ ఒక్క టికెట్టునే మార్చుకోవచ్చు. చేసేదేదైనా టికెట్టులో కనీసం ఒక రోజు మిగిలి ఉండగానే, గడువు లోపలే చేయాలి. చివరి రోజు సాయంత్రం, బాణసంచా అయ్యాక కౌంటర్ దగ్గర చేరే గుంపులో నిల్చోవడం దండగ. ఉదయం గేట్లు తెరిచిన మొదటి గంటలో జనం రైడ్ల వైపు పరుగెడతారు, కౌంటర్లు ఖాళీగా ఉంటాయి. కొన్న రోజు వచ్చిన రసీదు, ఆ రోజు పార్కు సైట్‌లో ఉన్న ధర తెరపట్టు రెండూ ఫోన్లో ఉంటే మాట్లాడే పని సగం తగ్గుతుంది.

అసలు వెళ్లడమే కుదరకపోతే? ఇది మన ఇళ్లలో ఊహించుకోవాల్సిన సంగతే. 2022 చివర్లో మన దేశంలో విజిటర్ వీసా ఇంటర్వ్యూ కోసం రెండేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చిన రోజులు ఎవరూ మరచిపోలేదు. నా పాత ఆఫీసులో ఒక మిత్రుడు అత్తమామల కోసం డిస్నీ టికెట్లు కొని పెట్టాడు. వీసా స్లాట్ దొరకలేదు, గడువు తేదీ దాటిపోయింది. డబ్బు పోయిందని వాళ్లావిడ బాధపడింది. ఒక్కరోజు కూడా వాడని టికెట్టుకు చెల్లించిన మొత్తాన్ని, గడువు దాటినా, కొత్త టికెట్టు కొనేటప్పుడు జమ వేసుకునే వీలు డిస్నీ ఇస్తుంది. 1985లో డిస్నీల్యాండ్ ముప్ఫయ్యో వార్షికోత్సవంలో బహుమతిగా వచ్చిన టికెట్టుతో 2019లో ఒకావిడ లోపలికి వెళ్లినట్టు వార్తల్లో కూడా వచ్చింది. మా మిత్రుడి అత్తగారు తర్వాతి ఏడు వచ్చారు. మామగారు ఆరోగ్యం బాగాలేక రాలేకపోయారు. ఆవిడ టికెట్టుకు తేడా కట్టి కొత్తది తీసుకున్నారు. మామగారి టికెట్టు ఇంకా వాళ్ల ఖాతాలో అలాగే ఉంది. గేటు ఒక్కసారి దాటాక మిగిలిపోయిన రోజులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. వాటి విలువ గడువుతోనే పోతుంది.